రాయబారుల హెచ్చరికలు – ఆతిథ్య రాజ్యముల ఆగ్రహము

2023వ సంవత్సరము సెప్టెంబరు నెలలో ఒకనాటి రాత్రి చిక్కపేటలో మా అంగడి తలుపులు వేయు వేళకు మన సంఘ సభ్యులలో ఒక పెద్దమనిషి వచ్చి, తన ఫోనును గల్లాపెట్టెమీద ఉంచి, "శెట్టిగారూ, ఇది చదివి నాకు అర్థము చెప్పండి. పిల్లవానిని వెనుకకు రమ్మని చెప్పుదునా, అక్కడనే ఉండుమని చెప్పుదునా?" అని అడిగిరి. వారి కుమారుడు కెనడా దేశమున చదువుచుండెను. ఫోనులో నున్నది మన విదేశాంగ మంత్రిత్వ శాఖవారు ఆ నెల 20వ తేదీన వెలువరించిన సూచన. కెనడాలో భారత వ్యతిరేక కార్యములును, ద్వేషముతో కూడిన నేరములును పెరుగుచున్నవి గావున అక్కడి మనవారును, వెళ్ళదలచినవారును మిక్కిలి జాగరూకులై యుండవలెనని దాని సారాంశము. దానికి రెండు దినముల ముందే కెనడా ప్రధానమంత్రి తమ గడ్డమీద జరిగిన ఒక హత్యలో భారత ప్రభుత్వమునకు సంబంధమున్నదని ఆరోపించియుండిరి. మన సూచన వెలువడినంతనే కెనడా మంత్రి యొకరు తమ దేశము క్షేమమైనదని చెప్పి దానిని త్రోసిపుచ్చిరి. కొలది దినములకే కెనడావారును భారతదేశమున నున్న తమ ప్రజలకు జాగ్రత్తలు చెప్పుచు మరియొక సూచన నొసగిరి.

ఆ రాత్రి మేము వారికి సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. పదవ తరగతితో చదువు చాలించి పట్టుబట్టల వ్యాపారములో పడినవారము మేము. రాజ్యముల నడుమ నడచు మర్యాదలు మాకెట్లు తెలియును? కాని సంఘమున పెద్దరికము వహించినవానికి "తెలియదు" అను మాట ఒక్కసారియే చెల్లును. ఆనాటినుండి ఈ విషయమును గూర్చి దొరికినంత చదివి, తెలిసినవారిని అడిగి, మాకు తోచిన అభిప్రాయమును ఈ పత్రిక ద్వారా మనవారి యెదుట ఉంచుచున్నాము. మనవారి యిండ్లలో నేడు విదేశమున బిడ్డ లేని యిల్లు అరుదు గావున ఇది పరుల ముచ్చట కాదు.

ఒక దేశపు రాయబార కార్యాలయము మరియొక దేశమున కూర్చుండి, "ఫలానా నగరమున, ఫలానా వీధిలో ప్రమాదము సంభవింపవచ్చును, మా ప్రజలు అటు పోవలదు" అని బహిరంగముగా ప్రకటించును. ఆతిథ్యమిచ్చిన రాజ్యము "మా యింట భోజనము చేయుచు మా యింటికే చెడ్డపేరు తెచ్చెదరా" అని కోపించును. ఆ ప్రకటన న్యాయమా, ఈ కోపము న్యాయమా?

ఈ తగవు మిక్కిలి ముదిరిన సందర్భము టర్కీ దేశమున 2023 జనవరి, ఫిబ్రవరి మాసములలో జరిగినది. దానిని కొంత విస్తరించి చెప్పుదుము. ఏలయన ఇరుపక్షముల మంచిచెడ్డలును అందు బయటపడినవి. జనవరి 21వ తేదీన స్వీడను రాజధాని స్టాక్‌హోములో, టర్కీ రాయబార కార్యాలయము చెంతనే, తీవ్రభావములు గల రాజకీయ నాయకు డొకడు ఖురాను గ్రంథమును తగులబెట్టెను. స్వీడను అప్పుడు నాటో కూటమిలో చేరుటకై టర్కీ సమ్మతి కొరకు వేచియుండెను. టర్కీ ప్రజలు మండిపడిరి. 27వ తేదీన అంకారాలోని అమెరికా, జర్మనీ, ఫ్రాన్సు, ఇటలీ రాయబార కార్యాలయములు, ఈ దహనమునకు ప్రతీకారముగా ప్రార్థనాస్థలములపై దాడులు జరుగవచ్చునని తమ ప్రజలను హెచ్చరించినవి. మరునాడు టర్కీవారు ఊరకుండిరా? అమెరికాలోను, ఐరోపాలోను ఉన్న తమ ప్రజలకు "అక్కడ ఇస్లాము ద్వేషము ప్రబలియున్నది, జాగ్రత్త" అని తిరుగు హెచ్చరిక నొసగిరి. పప్పు అంగడివాడు బియ్యపు అంగడివాని తూకము తప్పనగా, బియ్యపు అంగడివాడు పప్పులో రాళ్ళున్నవని కేకలు వేసినట్లయినది.

30వ తేదీన అమెరికావారు మరియొక మెట్టు ఎక్కి, ఇస్తాంబుల్ నగరమున బెయోగ్లూ, గలాటా, తక్సిమ్, ఇస్తిక్‌లాల్ ప్రాంతములను పేరుపెట్టి చెప్పిరి. ఆ వీధులు ఆ నగరపు వర్తకమునకును, విదేశ యాత్రికుల రాకపోకలకును పట్టుగొమ్మలు. పలు దేశములవారు ఇస్తాంబుల్‌లోని తమ కాన్సలేటులను తాత్కాలికముగా మూసివేసిరి. ఫిబ్రవరి 2వ తేదీన టర్కీ విదేశాంగ శాఖవారు తొమ్మిది దేశముల రాయబారులను ఒక్కనాడే పిలిపించి తమ నిరసన తెలిపిరి. అప్పటి హోంమంత్రి సులేమాన్ సోయ్లు ఇది మానసిక యుద్ధమనియు, యాత్రికులను రానీయకుండుటకు పన్నిన పన్నాగమనియు పలికిరి. మరునాడు అమెరికా రాయబారి నుద్దేశించి, మురికి చేతులను తమ దేశముమీదినుండి తీయుడని గద్దించిరి. టర్కీవారి ముఖ్యమైన ఫిర్యాదు ఏమనగా, బెదిరింపు వివరములేవో తమకు తెలుపకుండ పాశ్చాత్యులు ఊరంతటికి చాటిరని. ఫిబ్రవరి 5న పోలీసులు పదునైదుగురిని నిర్బంధించినట్లును, వారికి కాన్సలేటులపైనను ప్రార్థనాస్థలములపైనను దాడి చేయుడని ఆదేశములు వచ్చినను, నిర్దిష్టమైన ప్రమాదమునకు ఆధారము దొరకలేదనియు ప్రకటించిరి.

మరునాడే, ఫిబ్రవరి 6న, భూమి కంపించినది. టర్కీలో ఏబదివేలకు పైగా జనులు మరణించిరి. మొన్నటి దినమున మురికి చేతులని తిట్టు తినినవారే శిథిలముల క్రింద ప్రాణములను వెదకుటకు సహాయక దళములను పంపిరి. మన దేశపు దళములును వెళ్ళినవి. హెచ్చరికల తగవును అటుపిమ్మట ఎవ్వరును పట్టించుకొనలేదు.

మరి ఎవరు ఒప్పు, ఎవరు తప్పు? ఆ వారమున దాడి జరుగలేదు గావున టర్కీవారు ఒప్పనవచ్చునా? అదే ఇస్తిక్‌లాల్ వీధిలో అంతకు మూడునెలల క్రిందట, 2022 నవంబరు 13న, బాంబు ప్రేలి ఆరుగురు చనిపోయిరి. మరుసటి సంవత్సరము 2024 జనవరి 28న ఇస్తాంబుల్‌లోని ఒక క్రైస్తవ దేవాలయములో ప్రార్థన జరుగుచుండగా సాయుధులు చొరబడి ఒకనిని చంపిరి. ఇస్లామిక్ స్టేట్ అను సంస్థ ఆ దాడి తమదేనని చెప్పుకొనినది. కాబట్టి ప్రార్థనాస్థలములను గూర్చిన భయము కేవలము కల్పితము కాదు. అట్లని తొమ్మిది దేశముల ప్రవర్తన నిర్దోషమనియు అనజాలము. నాటో విషయమున వివాదము నడచుచున్న సమయమున, అందరును ఒక్క వారములోనే తలుపులు మూసినచో, ఆతిథ్య దేశమువారికి అనుమానము కలుగుట సహజము. అనుమానమునకు మందు వివరణ. ఆ వివరణ చాలలేదని మా అభిప్రాయము.

వర్తకులమైన మాకు టర్కీవారి కోపము బాగుగా అర్థమగుచున్నది. 2010 మే 1వ తేదీన ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయమువారు ఆ నగరమున దాడులు జరుగనున్నట్లు సమాచారమున్నదని హెచ్చరించుచు చాందినీ చౌకు, కన్నాటు ప్లేసు, గ్రేటర్ కైలాసు, కరోల్ బాగు, మెహ్రౌలీ, సరోజినీ నగరు బజారులను పేరుపేరున చెప్పిరి. అవన్నియు అంగళ్ళ వీధులే. చిక్కపేట, బళేపేట, అవెన్యూ రోడ్డు అని వరుసగా చెప్పినచో మనకెట్లుండునో ఊహించుకొనుడు. అప్పులు తెచ్చి సరకు దించిన చిల్లర వర్తకుడు, దినకూలికి మూటలు మోయు హమాలి, వీధి మొగలో జామపండ్లు అమ్ము ఆమె, వీరెవ్వరికిని ఏ రాయబారియు నష్టపరిహారమీయడు. ఆ పేర్లు చెప్పిన దినములలో ఆ బజారులలో ఏ దాడియు జరుగలేదు. అయితే అందులోని సరోజినీ నగరులో 2005 అక్టోబరు 29న, దీపావళి బేరముల నడుమ బాంబు ప్రేలినది. ఆనాడు ఢిల్లీలో జరిగిన ప్రేలుళ్ళలో అరువదిమందికి పైగా మరణించిరి. కరోల్ బాగు, కన్నాటు ప్లేసు, గ్రేటర్ కైలాసులలో 2008 సెప్టెంబరు 13న ప్రేలుళ్ళు జరిగినవి. కాబట్టి అవి గాలిలోనుండి ఏరుకొనిన పేర్లు కావు.

మా అనుభవములోనిదే మరియొకటి కలదు. 2001 డిసెంబరు 13న పార్లమెంటు భవనముపై దాడి జరిగిన పిదప మన సేనలును పాకిస్తాను సేనలును సరిహద్దున ఎదురెదురుగా నిలిచియుండిన దినములు. 2002 మే 14న జమ్ము సమీపమున కాలూచక్‌లో సైనికుల కుటుంబములు నివసించు చోట దాడి జరిగిన తరువాత యుద్ధము తప్పదని అందరును తలచిరి. మే 31న అమెరికా ప్రభుత్వము భారతదేశమున నున్న తమ ప్రజలను వెళ్ళిపొమ్మని సూచించినది. బ్రిటిషువారును అదే త్రోవ పట్టిరి. మాకప్పుడు ఇరువదియేండ్లు దాటినవి. తండ్రిగారి ప్రక్కన గల్లాపెట్టె దగ్గర కూర్చుండుట నేర్చుకొనుచుంటిమి. పట్టు శాలువలకు ఆర్డరిచ్చిన విదేశీ వ్యాపారి యొకడు బెంగుళూరునకు వచ్చుట మానుకొనెను, ఆర్డరును రద్దుచేసెను. మేము దొడ్డబళ్ళాపురపు నేతగాండ్రకు బయానా ఇచ్చియుంటిమి. మగ్గమెక్కిన పడుగును దించుట ఎట్లు? మా తండ్రిగారు ఆ సరకంతయు తీసికొని, రెండేండ్లపాటు కొనుగోలుదారులను వెదకి అమ్మిరి. బెంగుళూరులో యుద్ధపు జాడ యేమియు లేదు. హోటళ్ళు మాత్రము వెలవెలబోయినవి. అమెరికావారు జూలై నెలలో ఆ సూచనను సడలించిరి.

ఆ వేసవి తరువాత న్యూయార్కు టైమ్సు పత్రికలో థామస్ ఫ్రీడ్‌మన్ అను రచయిత, బెంగుళూరు సాఫ్టువేరు సంస్థల పెద్దలు ఢిల్లీవారికి తమ కష్టనష్టములు తెలుపుటచే యుద్ధోత్సాహము చల్లారినదను భావమిచ్చు వ్యాసము వ్రాసిరి. అదియే ముఖ్యకారణమని మేము నమ్మము. దేశములు గుమాస్తాల లెక్కలు చూచి మాత్రమే యుద్ధము మానవు. అయినను ఒక దౌత్య ప్రకటన ఒక నగరపు జీవనాధారమును ఎట్లు పట్టి యూపగలదో ఆ సంవత్సరము మేము కన్నులార చూచితిమి. అందుచేతనే ఆతిథ్య రాజ్యముల ఆగ్రహమును తేలికగా త్రోసివేయజాలము.

ఇక రెండవ పక్షమును చూతము. ఈ రాయబారులు ఇంత బహిరంగముగా ఏల చెప్పవలెను? చెవిలో చెప్పిన చాలదా? దీనికి వెనుక ఒక దుఃఖకరమైన కథ కలదు. 1988 డిసెంబరు 5వ తేదీన ఫిన్లాండు రాజధాని హెల్సింకిలోని అమెరికా రాయబార కార్యాలయమునకు ఎవరో ఫోను చేసి, రెండు వారములలోగా ఫ్రాంక్‌ఫర్టునుండి అమెరికా పోవు పాన్ అమెరికన్ విమానము పేల్చివేయబడునని చెప్పిరి. ఆ సమాచారమును మాస్కోలోని అమెరికా రాయబార కార్యాలయమున ఉద్యోగుల కొరకు గోడమీద అంటించిరి. సామాన్య ప్రయాణికులకు తెలుపలేదు. డిసెంబరు 21న అదే సంస్థకు చెందిన 103వ నంబరు విమానము స్కాట్లాండులోని లాకర్బీ పట్టణముమీద ప్రేలిపోయి, విమానమున నున్న 259 మందియు, నేలమీద 11 మందియు మరణించిరి. ఆ ఫోను వట్టి బూటకమనియు, ఈ కలయిక కాకతాళీయమనియు పరిశోధకులు తరువాత తేల్చిరి. కాని మృతుల బంధువులు అడిగిన ప్రశ్న బూటకము కాదు. "మీ ఉద్యోగులకు చెప్పినది మా బిడ్డలకేల చెప్పలేదు?" అని వారు అడిగిరి. అధ్యక్షుడు నియమించిన సంఘము 1990లో విచారణ నివేదిక నొసగినది. అటుపిమ్మట, ఉద్యోగులకు చెప్పిన ప్రమాదమును సామాన్య పౌరులకును చెప్పవలెనను నియమము అమెరికావారికి స్థిరపడినది. తనవారికొక నీతి, పైవారికొక నీతి కూడదని దాని తాత్పర్యము. ఈ నియమమును తప్పుపట్టుటకు మాకు నోరు రాదు.

అంతర్జాతీయ నిబంధనలును దీనికి చోటిచ్చుచున్నవి. రాయబారుల ప్రవర్తనను గూర్చి 1961లో వియన్నాలో జరిగిన ఒడంబడిక మూడవ అధికరణము తన దేశ ప్రజల ప్రయోజనములను కాపాడుట రాయబారి విధులలో నొకటని చెప్పుచున్నది. అదే ఒడంబడిక నలువదియొకటవ అధికరణము ఆతిథ్య దేశపు అంతరంగ వ్యవహారములలో జోక్యము కూడదని శాసించుచున్నది. తగవంతయు ఈ రెండు వాక్యముల సందులోనే జరుగుచున్నది.

హెచ్చరికను అలక్ష్యము చేసిన ఫలితము చూడవలెనన్న మాస్కో నగరపు ఉదంతము చాలును. 2024 మార్చి 7న అక్కడి అమెరికా రాయబార కార్యాలయమువారు, సంగీత సభలతో సహా జనులు గుమిగూడు చోట్ల దాడి జరుగవచ్చుననియు, నలువదియెనిమిది గంటలపాటు అట్టి చోట్లకు పోవలదనియు ప్రకటించిరి. రష్యా ప్రభుత్వమునకు వేరుగా కూడ తెలియజేసితిమని చెప్పిరి. మార్చి 19న అధ్యక్షుడు పుతిన్ తమ భద్రతాధికారుల సభలో ఈ విధమైన ప్రకటనలు బెదిరించి లొంగదీయుటకును, సమాజమును కలవరపెట్టుటకును ఉద్దేశింపబడినవని పలికిరి. 22వ తేదీ రాత్రి నగరపు పొలిమేరలో క్రోకస్ సిటీ హాలను సంగీతశాలలో దుండగులు కాల్పులు జరిపి నిప్పుపెట్టగా నూటనలుబదిమందికి పైగా మరణించిరి. ఇందొక సూక్ష్మము కలదు. హెచ్చరికలోని నలువదియెనిమిది గంటలు గడచి పండ్రెండు దినములకు పైగా అయినది. హెచ్చరించినవారికిని గడియారము సరిగా తెలియలేదు. అయినను "సంగీత సభలు" అను మాట నిజమైనది.

కెన్యా దేశపు కథయు ఇట్టిదే. 2014 మే నెలలో బ్రిటను తమ ప్రజలను మొంబాసా తీరమునకు పోవలదనగా, విహారయాత్రా సంస్థలు కొన్ని వందలమంది యాత్రికులను ముందుగానే విమానములలో తీసికొనిపోయినవి. కెన్యా ప్రభుత్వము మిక్కిలి నొచ్చుకొనినది. మే 16న రాజధాని నైరోబీలో గికోంబా బజారున ప్రేలుళ్ళు జరిగి కనీసము పదిమంది చనిపోయిరి. అది పాతబట్టలు అమ్ముకొను పేదవర్తకుల సంత. మరుసటి సంవత్సరము బ్రిటను, ఆస్ట్రేలియాల హెచ్చరికలను కెన్యా అధ్యక్షుడు 2015 ఏప్రిల్ 1న తప్పుపట్టి, తమ దేశము ఏ దేశమునకును తీసిపోని క్షేమస్థానమని చెప్పిరి. మరునాటి వేకువను గరిస్సా విశ్వవిద్యాలయములో దాడి జరిగి 148 మంది హతులైరి. వారిలో అధికసంఖ్యాకులు విద్యార్థులు.

దీనికి విరుద్ధముగా, 2022 అక్టోబరు 29న దక్షిణాఫ్రికాలోని సాండ్‌టన్ ప్రాంతమున దాడి జరుగవచ్చునని అమెరికావారు మూడు దినముల ముందు చెప్పిరి, ఏమియు జరుగలేదు. ముందుగా తమతో సరిగా చర్చింపకయే ప్రకటించుట విచారకరమని అధ్యక్షుడు రామఫోసా అనిరి. ఆ మాట న్యాయముగానే యున్నది.

చెవిలో చెప్పిన చాలునా అను ప్రశ్నకు మాత్రము కొలంబో నగరము సమాధానము చెప్పినది. 2019 ఏప్రిల్ 4వ తేదీననే మన దేశపు నిఘా శాఖవారు శ్రీలంకవారికి, చర్చిలమీద దాడులు జరుగనున్నవని తెలిపిరి. ఆ తరువాతను తెలిపిరి. రాజమర్యాద ప్రకారము నడచిన హెచ్చరిక అది. ఆతిథ్య రాజ్యమునకు చెడ్డపేరు రాకుండ, వర్తకమునకు దెబ్బ తగులకుండ, చెప్పవలసినవారికి మాత్రమే చెప్పినది. ఆ కాగితములు అక్కడి కచేరీలలో ఒక బల్లమీదినుండి మరియొక బల్లమీదికి తిరిగినవి. ఏప్రిల్ 21న, ఈస్టరు పండుగనాడు, చర్చిలలోను హోటళ్ళలోను బాంబులు ప్రేలి 260 మందికి పైగా మరణించిరి. ఎన్నికల పని ముగించుకొని విశ్రాంతికై వెళ్ళిన మన కర్ణాటకపు రాజకీయ కార్యకర్తలు పలువురు ఒక హోటలులో ఫలహారము చేయుచు ప్రాణములు కోల్పోయిరి. బెంగుళూరు చుట్టుప్రక్కల ఊళ్ళకు ఆ శవపేటికలు వచ్చినపుడు మనవారు పలువురు చూడబోయిరి. శ్రీలంక సుప్రీంకోర్టు 2023 జనవరిలో మాజీ అధ్యక్షుడు సిరిసేన నిర్లక్ష్యమునకు పది కోట్ల రూపాయలు పరిహారముగా చెల్లింపవలెనని తీర్పు చెప్పినది. ఆ ప్రమాదపు వార్త ఏప్రిల్ నెల మొదటి వారముననే ఏదో ఒక పత్రికలో ప్రకటింపబడియుండిన, ఆ కార్యకర్తలు ఆ సెలవును మైసూరులోనో ఊటీలోనో గడిపియుండెడివారు కారా అను ఆలోచన మమ్ములను నేటికిని విడువదు.

కాబట్టి మా అభిప్రాయమిది. ప్రమాదమున్నదని నమ్మిన రాయబారి బహిరంగముగా చెప్పుట అతని విధి, చెప్పకుండుట దోషము. కాని చెప్పుటకు ముందు, లేదా చెప్పిన గంటలోనే, ఆతిథ్య రాజ్యమునకు తన చేతనున్న ఆధారములను చూపవలెను. ప్రమాదము తొలగినంతనే, చెప్పినంత గట్టిగానే, తొలగినదనియు చెప్పవలెను. ఈ రెండవ పని చేయువారు తక్కువ. మా దృష్టిలో వర్తకులను ఎక్కువ చంపునది మొదటి ప్రకటన కాదు; నెలల తరబడి ఎవరును ఎత్తివేయక వ్రేలాడు పాత ప్రకటన. ఇక ఆతిథ్య రాజ్యము రాయబారులను పిలిపించి గద్దించుటకంటె, తన పోలీసు అధికారిచేత ప్రతిదినము వీధుల స్థితిని నిజము నిజముగా చెప్పించినచో జనులకు ధైర్యము కలుగును. పొరుగువాని మాట అబద్ధమని అరచినంతమాత్రమున మన మాట నిజమగునా?

అధికారముగల హెచ్చరిక లేనపుడు ఆ చోటును పుకారు ఆక్రమించును. 2012 ఆగస్టు 15 మొదలుకొని మూడు నాలుగు దినములు బెంగుళూరులో జరిగినది మనము మరువరాదు. ఈశాన్య రాష్ట్రములవారిపై దాడులు జరుగునను సందేశములు ఫోనులలో వ్యాపించి, వేలకొలది అస్సామీలు, మణిపురీలు సిటీ రైల్వే స్టేషనునకు పరుగెత్తిరి. గౌహతికి ప్రత్యేక రైళ్ళు నడిపింపవలసివచ్చినది. మంత్రులు స్టేషనునకు పోయి బ్రతిమాలినను వారు నిలువలేదు. కేంద్ర ప్రభుత్వమువారు గుంపుగా పంపు సందేశములను పదునైదు దినములు నిషేధించిరి. మా అంగడిలో పనిచేయు ఇద్దరు అస్సామీ బాలురు జీతపు బాకీ కూడ అడుగక వెళ్ళిపోయిరి. ఒకడు మూడునెలలకు తిరిగివచ్చెను, రెండవవాడు రాలేదు. అతని బాకీ పద్దు నేటికిని మా పాత ఖాతాపుస్తకములో నున్నది. తరతరములుగా పరభాషా ప్రాంతమున నివసించు మనకు ఆ బాలుర భయము ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. వారికి పేరు, సంతకము గల ఒక నిజమైన మాట సమయమునకు దొరకలేదు.

చివరగా మన బిడ్డల సంగతి. 2022 జనవరిలో అమెరికావారు ఉక్రెయిను రాజధాని కీవ్‌నుండి తమ ఉద్యోగుల కుటుంబములను పంపివేయగా, అధ్యక్షుడు జెలెన్‌స్కీ ఆ తొందరపాటు తమ దేశమున భీతిని పుట్టించి ఆర్థికస్థితిని చెరచుచున్నదని జనవరి 28న బహిరంగముగా ఆక్షేపించిరి. తరువాత ఆగస్టులో ఒక అమెరికా పత్రికతో మాటలాడుచు, ముందే ప్రజలకు చాటియుండిన నెలకు 700 కోట్ల డాలర్లు నష్టపోయియుండెడివారమని చెప్పిరి. ఆయన లెక్క ఆయనకుండెను. మన కీవ్ రాయబార కార్యాలయమువారు ఫిబ్రవరి 15న, అక్కడ ఉండవలసిన అవసరము లేని భారతీయులు, ముఖ్యముగా విద్యార్థులు, తాత్కాలికముగా వెళ్ళుటను ఆలోచింపవచ్చునని సూచించిరి. ఎంత మెత్తని మాట! ఆతిథ్య దేశము నొచ్చుకొనకుండ వ్రాసిన మాట. విద్యార్థులు పాఠములు పోవునని, హాజరు తగ్గునని, విమానపు టిక్కెట్టు ధర పెరిగినదని ఆగిపోయిరి. 20న, 22న సూచనలు గట్టిపడినవి. 24న యుద్ధము మొదలై ఆకాశమార్గము మూతపడినది. మన ప్రభుత్వము చుట్టుప్రక్కల దేశములనుండి విమానములు నడిపి వేలకొలది విద్యార్థులను తీసికొనివచ్చినది. దానికి కృతజ్ఞత చెప్పవలెను. కాని మన కర్ణాటకమునకు చెందిన వైద్యవిద్యార్థి యొకడు మార్చి 1న ఖార్కివ్ నగరమున, ఆహారపదార్థములకై బయటికి వచ్చి, ప్రాణము కోల్పోయెను.

ఆ కెనడా సూచన తెచ్చిన పెద్దమనిషికి మేము మరునాడు ఈ మాట చెప్పితిమి. ముందు తేదీ చూడుడు, పిదప ఊరి పేరు ఉన్నదా, దేశమంతటికిని కలిపి చెప్పినదా చూడుడు. కోపముతో నున్న ఇరు ప్రభుత్వములు ఒకరిపై నొకరు చెప్పుకొను మాటలో కోపమెంత, సమాచారమెంత అని విడదీయుడు. అన్నిటికంటె ముఖ్యముగా, రాయబారి తన ఆలుబిడ్డలను పంపివేయుచున్నాడా, అక్కడనే ఉంచుకొనుచున్నాడా విచారింపుడు. ఉంచుకొనుచున్నచో మీ కుమారుడు రాత్రివేళ ఒంటరిగా తిరుగక, ఊరేగింపులకు దూరముగా నుండి, చదువు సాగించుకొనవచ్చును. పంపివేయుచున్నచో, ఆ దేశపు మంత్రి ఎంత ధైర్యము చెప్పినను, మరుసటి విమానమునకు టిక్కెట్టు కొనుడు. ఆ ధైర్యము ఆయన వర్తకమునకు అవసరము. మీ కుమారుడు మీకు అవసరము. వారి కుమారుడు అక్కడనే యుండి చదువు ముగించెను.

విదేశమున చదువుచున్న మన పిల్లలు ఆయా దేశములలోని మన రాయబార కార్యాలయమునను, విదేశాంగ శాఖవారి మదద్ అను ఇంటర్నెట్ నమోదు పట్టికలోను తమ పేరు, చిరునామా వ్రాయించుకొనవలెను. పలువురు ఆ పని చేయుటలేదని మేము విచారించి తెలిసికొంటిమి. అందుకై మన సంఘ కార్యాలయమున ఒక పుస్తకము తెరచితిమి. సభ్యులు ప్రతి ఆదివారము ఉదయము పదిగంటలనుండి పండ్రెండు వరకు వచ్చి తమ పిల్లలున్న దేశము, ఊరు, ఫోను నంబరు అందు వ్రాయవచ్చును. నమోదు చేసికొనుట తెలియనివారికి మన యువకులిద్దరు ఆ వేళలో దగ్గర కూర్చుండి చేసియిత్తురు. రుసుము లేదు. పిల్లల పాస్‌పోర్టు నకలు వెంట తేవలయును.